సర్వర్‌లో ఒకే పేరు, రెండు అధికారాలు

లైనక్స్ సర్వర్‌లోకి ఒకే ఇంజినీరు ఒకే పేరుతో మూడు విండోల్లో లాగిన్ అయి ఉంటే, మూడింటిలోనూ ఒకే అధికారం ఉంటుందని అనుకోవడం సహజం. నిజానికి అలా ఉండాలని లేదు. మొదటి విండోలో చక్కగా నడిచిన అడ్మిన్ కమాండ్‌ను రెండో విండో ‘నీకు పర్మిషన్ లేదు’ అని తిప్పికొడుతుంది. మూడో విండో మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది. సర్వర్ పక్క గదిలో ఉన్నా, ఎక్కడో అమెరికాలో ఉంటే దాన్ని హైదరాబాదు నుంచి రాత్రి షిఫ్టులో చూసుకుంటున్నా ఈ ఇబ్బంది ఒకటే. చాలామంది దీన్ని సర్వర్ మొరాయింపు అనుకుని రీస్టార్ట్ చేసేస్తారు. చేస్తే పోతుంది కూడా. ఎందుకు పోయిందో తెలియదు కాబట్టి నెల తిరక్కుండా మళ్లీ వస్తుంది.

దీని వెనక ఉన్న సంగతి చిన్నదే. అడ్మిన్ అధికారం మనిషి పేరును అంటిపెట్టుకుని ఉండదు. లాగిన్ అయిన క్షణాన ఆ సెషన్‌కు ఒక పాసు రాసి చేతికిస్తారు. ఆ తర్వాత ఆఫీసు రిజిస్టర్‌లో ఏం మారినా, లోపలికి వెళ్లిపోయినవాళ్ల చేతిలోని పాసు మారదు. పెద్దాసుపత్రి గేటు దగ్గర పొద్దున రాయించుకున్న అటెండెంట్ పాసు సాయంత్రం దాకా ఎలా చెల్లుతుందో, ఇదీ అంతే. సెషన్ల మధ్య అధికారాల తేడాతో వచ్చే చిక్కుల్లో చాలా భాగం ఈ ఒక్క విషయం దగ్గరే విడిపోతుంది.

లైనక్స్ కెర్నెల్‌కు పేర్లతో పని లేదు, దానికి తెలిసినవి నంబర్లే. ప్రతి ఖాతాకూ ఒక నంబరు, ప్రతి గ్రూపుకూ ఒక నంబరు ఉంటాయి. 0 నంబరు ఖాతాను రూట్ అంటారు. మామూలు ఫైలు పర్మిషన్లేవీ దాన్ని ఆపవు. మనుషుల ఖాతాలు ఉబుంటు వంటి సిస్టమ్‌లలో 1000 నుంచి మొదలవుతాయి. గ్రూపుల్లో అడ్మిన్ పనులకు వాడేదాన్ని డెబియన్, ఉబుంటులు ‘సుడో’ అని, రెడ్ హ్యాట్ కుటుంబం ‘వీల్’ అని పిలుస్తాయి. డెబియన్ కుటుంబంలో సుడో గ్రూపు నంబరు 27. రెడ్ హ్యాట్‌లో వీల్ నంబరు 10.

దూరం నుంచి లాగిన్ అవడానికి ఇప్పుడు అందరూ వాడేది ఎస్ఎస్‌హెచ్. దీన్ని 1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయంలో తాతు యులోనెన్ రాశారు. అంతకుముందు వాడిన టెల్నెట్‌లో పాస్‌వర్డ్ ఏ ముసుగూ లేకుండా నెట్‌వర్కు మీద పోయేది. దారిలో కాపు కాసినవాళ్లకు అది చదవడం చాలా తేలిక. ఎస్ఎస్‌హెచ్ సర్వర్ ప్రోగ్రాం రూట్ అధికారంతో నడుస్తూ 22వ పోర్టు దగ్గర కాచుకుని ఉంటుంది. ఎవరైనా వస్తే పాస్‌వర్డో కీనో సరిచూస్తుంది. తర్వాత గ్రూపుల ఫైలు తెరిచి, ఈ పేరు ఏయే గ్రూపుల్లో ఉందో చదివి, ఆ నంబర్లన్నీ ఒక కొత్త ప్రాసెస్‌కు అంటిస్తుంది. చివర్లో ఆ ప్రాసెస్‌కున్న రూట్ అధికారాన్ని తీసేసి, మనిషి నంబరు తగిలించి, కమాండ్లు టైపు చేసే షెల్‌ను దాని చేతికిస్తుంది.

గ్రూపుల ఫైలును చదివింది ఆ ఒక్కసారే. ఆ షెల్ నుంచి మొదలైన ప్రతి ప్రోగ్రాం, దాని నుంచి పుట్టిన మరో ప్రోగ్రాం, తల్లి ప్రాసెస్ నంబర్లనే వారసత్వంగా తెచ్చుకుంటాయి. ఏ ఫైలు తెరవాలన్నా కెర్నెల్ చూసేది ప్రాసెస్ మీదున్న ఆ నంబర్లనే. గ్రూపుల ఫైలు వైపు అది తిరిగి చూడదు.

దీన్ని కళ్లారా చూడటం సులువే. స్టోర్స్ అనే ఖాతాతో ఎవరో ఒక విండోలో లాగిన్ అయి ఉన్నారనుకుందాం. పక్క సీటులోని అడ్మిన్ ఆ ఖాతాను సుడో గ్రూపులో చేర్చి ‘అయిపోయింది, చూడండి’ అన్నారు. స్టోర్స్ విండోలో అడ్మిన్ కమాండ్ కొడితే పని జరగలేదు. అప్పుడు ఆ విండోలో ‘ఐడీ’ అనే రెండక్షరాల కమాండ్‌ను ఒంటరిగా కొట్టాలి. వచ్చిన జాబితాలో 27 కనిపించదు. వెంటనే అదే కమాండ్ పక్కన ఖాతా పేరు చేర్చి, ‘ఐడీ స్టోర్స్’ అని కొట్టాలి. ఈసారి 27 కనిపిస్తుంది. ఒకే విండోలో, ఒకే కమాండ్‌కు, పది సెకన్ల తేడాలో రెండు జవాబులు! రెండూ నిజమే. పేరు లేకుండా అడిగితే ఐడీ తన చేతిలోని పాసును చదువుతుంది. పేరుతో అడిగితే రిజిస్టర్ తెరుస్తుంది. సమస్య ఎటువైపు ఉందో ఇంత తేటగా చూపించే పరీక్ష మరొకటి లేదు. అడ్మిన్ పని నేర్చుకునేవాళ్లకు మొదటి వారంలోనే నేర్పదగ్గది ఇది.

రెండు జవాబులూ వేరుగా ఉంటే మందు లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావడమే. రెండూ ఒకటే అయి, రెంటిలోనూ 27 లేకపోతే పక్క సీటులో జరగాల్సిన పని జరగలేదన్నమాట. రెంటిలోనూ 27 ఉండి కూడా కమాండ్ నడవకపోతే చిక్కు గ్రూపులో లేదు, అడ్మిన్ కమాండ్‌ల ముందు పెట్టే సుడో అనే కమాండ్ నియమాల్లో ఉంది.

‘లాగౌట్ అయి వచ్చాను, అయినా అదే పరిస్థితి’ అనే ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. ఆ మాట అబద్ధం కాదు. విండో మూసినంత మాత్రాన సెషన్ ముగిసినట్టు కాని సందర్భాలున్నాయి. టీమక్స్, స్క్రీన్ అనే ప్రోగ్రాములు వాడేవాళ్ల షెల్ ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్ తెగినా సర్వర్‌లో బతికే ఉంటుంది. వాటి సదుపాయమే అది. కొత్తగా లాగిన్ అయి పాత టీమక్స్‌కు అతుక్కుంటే పాత నంబర్లే మళ్లీ చేతికొస్తాయి. టీమక్స్‌లో కొత్త విండో తెరిచినా అంతే. ఆ విండోకు తల్లి ఎప్పుడో పుట్టిన టీమక్స్ సర్వర్ ప్రాసెస్, ఇవాళ్టి లాగిన్ కాదు.

ఇంతకంటే కంటికి కనబడనిది కనెక్షన్ పంచుకోవడం. ప్రతిసారీ పాస్‌వర్డ్ కొట్టే బాధ లేకుండా ఒక్క ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్ మీదే అనేక సెషన్లు నడిపే ఏర్పాటు ఉంది. దాన్ని పెట్టుకున్నవాళ్లు అన్ని విండోలూ మూసినా, వెనక ఆ కనెక్షన్ కొంతసేపు తెరిచే ఉంటుంది. తర్వాత తెరిచిన ‘కొత్త’ సెషన్ పాత గేటు పాసుతోనే లోపలికి వస్తుంది. సర్వర్‌లోని ఫైళ్లను తన కంప్యూటర్ నుంచే ఎడిట్ చేసుకునే విజువల్ స్టూడియో కోడ్‌లోనూ ఇదే జరుగుతుంది. ఆ ఎడిటర్ సర్వర్‌లో తన తరఫున ఒక ప్రోగ్రాంను వదిలివెళ్తుంది, అది పాత గ్రూపులతోనే బతుకుతుంది. డాకర్ గ్రూపులో చేరిన డెవలపర్‌కు మామూలు విండోలో డాకర్ నడిచి, ఎడిటర్ టెర్మినల్‌లో నడవకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. సర్వర్‌లో ఉన్న ఆ ప్రోగ్రాంను ఆపేస్తే, తర్వాతి కనెక్షన్ కొత్త పాసు రాయించుకుంటుంది.

ఏ ప్రాసెస్ చేతిలో ఏ పాసుందో అనుమానం వస్తే ఊహించనక్కర్లేదు. ప్రాక్ అనే డైరెక్టరీలో ప్రతి ప్రాసెస్ నంబరుకూ ఒక ఫోల్డర్ ఉంటుంది. అందులోని స్టేటస్ ఫైలులో ఖాతా నంబర్లు ఒక వరసలో, గ్రూపు నంబర్లు మరో వరసలో రాసి ఉంటాయి. లాగౌట్ కావడం కుదరనంత పెద్ద పని నడుస్తుంటే, ‘ఎస్‌యూ’ కమాండ్‌తో అదే విండోలో తన పేరుతోనే మళ్లీ లాగిన్ కావచ్చు. కొత్త నంబర్లు ఆ ఒక్క షెల్‌కే వస్తాయి. పక్క విండోలకు అందవు.

ఇక అడ్మిన్ కమాండ్‌ల ముందు పెట్టే సుడో సంగతి. సుమారు 1980 ప్రాంతంలో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయపు బఫెలో ప్రాంగణంలో బాబ్ కాగ్‌షాల్, క్లిఫ్ స్పెన్సర్ దీన్ని రాశారు. వాళ్లు వాడిన యంత్రం వాక్స్ 11/750. అందరికీ రూట్ పాస్‌వర్డ్ పంచే బదులు, ఎవరికి ఏ పని అవసరమో దానికి మాత్రమే రూట్ అధికారం అరువిచ్చే ఏర్పాటు ఇది. దీనికి ఆధారం అంతకంటే పాతది. ఒక ఫైలు మీద ప్రత్యేక గుర్తు పెడితే దాన్ని ఎవరు నడిపినా యజమాని అధికారంతో నడిచే పద్ధతిని యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన డెన్నిస్ రిచీ కనిపెట్టారు. ఆయన దరఖాస్తుకు 1979లో అమెరికా పేటెంటు వచ్చింది. సుడో ఫైలు యజమాని రూట్, దాని మీద ఆ గుర్తు ఉంటుంది. కాబట్టి సుడో ఎవరు కొట్టినా రూట్‌గానే మొదలవుతుంది. మొదలయ్యాక ‘నన్ను పిలిచింది ఎవరు, వాళ్లకు ఈ పని చేసే హక్కుందా’ అని తానే విచారిస్తుంది. ఆ విచారణలో కూడా మామూలుగా చూసేది పిలిచినవాళ్ల ప్రాసెస్ మీదున్న గ్రూపు నంబర్లనే.

పాస్‌వర్డ్ సరిపోయాక సుడో ఒక చీటీ రాసి పెట్టుకుంటుంది. మామూలు అమరికలో అది 5 నిమిషాలు చెల్లుతుంది, ఉబుంటులో 15 నిమిషాలు. ఆ లోపల మళ్లీ సుడో కొడితే పాస్‌వర్డ్ అడగదు. ఆ చీటీ ఖాతా మొత్తానికి చెల్లదు, అది రాసిన టెర్మినల్‌కే చెల్లుతుంది. మొదటి విండోలో ఇప్పుడే పాస్‌వర్డ్ ఇచ్చినా రెండో విండో అడిగేది అందుకే. టీమక్స్‌లో తెరను రెండు ముక్కలు చేస్తే ఒక్కో ముక్కకూ వేరే టెర్మినల్ కాబట్టి అక్కడా అడుగుతుంది. దీన్ని లోపం అనుకుని అన్ని విండోలకూ ఒకే చీటీ చెల్లేలా మార్చేవాళ్లున్నారు. అది మంచిది కాదు. ఒక విండోలో పెట్టిన నమ్మకాన్ని, అదే ఖాతాతో మరో చోటి నుంచి దొంగతనంగా లాగిన్ అయినవాళ్లు వాడుకోకుండా ఆపుతున్నది ఆ విడివిడి చీటీలే. పని ముగిశాక సుడోకు చిన్న ‘కే’ ఆప్షన్ ఇచ్చి ఆ టెర్మినల్ చీటీని, పెద్ద ‘కే’ ఇచ్చి తన చీటీలన్నింటినీ రద్దు చేసుకోవచ్చు.

గ్రూపు సరిగ్గా ఉండి, సెషన్ కొత్తదై, అయినా సుడో ఒప్పుకోకపోతే సుడోయర్స్ అనే నియమాల ఫైలు చూడాలి. తనకు ఏయే అనుమతులున్నాయో ఎవరికి వారు సుడోకు ‘ఎల్’ ఆప్షన్ ఇచ్చి చూసుకోవచ్చు. నియమాలు చదివే తీరులో కొత్తవాళ్లను పడేసేవి ఉన్నాయి. ఒకే వ్యక్తికి రెండు నియమాలు వర్తిస్తే, ఫైలులో చివర ఉన్నదే చెల్లుతుంది. పాస్‌వర్డ్ అక్కర్లేదని పైన రాసి, కింద గ్రూపు మొత్తానికి మామూలు నియమం ఉంటే పైది వృథా. ఇక అదనపు నియమాలు పెట్టే డైరెక్టరీలో ఫైలు పేరు మధ్య చుక్క ఉంటే సుడో ఆ ఫైలును చదవనే చదవదు, ఏ హెచ్చరికా ఇవ్వదు. అందరూ చేసే పద్ధతిలో చివర చుక్క పెట్టి ఎక్స్‌టెన్షన్ చేర్చిన ఫైలు ఇలాగే కళ్ల ముందు ఉండి కూడా లేనట్టే అవుతుంది. గంటల కొద్దీ లోపలి అక్షరాలు సరిచూసుకునేవాళ్లు పైన ఉన్న పేరును చూడరు.

గ్రూపులో చేర్చే చోట జరిగే పొరపాటు ఇంకా ప్రమాదకరం. యూజర్‌మాడ్ కమాండ్‌కు పెద్ద ‘జీ’ ఆప్షన్‌తోపాటు చిన్న ‘ఏ’ కూడా ఇస్తేనే ఉన్న గ్రూపులకు కొత్తది కలుస్తుంది. ‘ఏ’ మరిచిపోతే, ప్రధాన గ్రూపు తప్ప పాతవన్నీ పోయి కొత్తదొక్కటే మిగులుతుంది. తనను తాను డాకర్ గ్రూపులో చేర్చుకోబోయి సుడో గ్రూపులోంచి బయటపడ్డవాళ్లు ఎందరో. రూట్‌కు నేరుగా లాగిన్ లేని సర్వర్‌లో ఇక తాళంచెవి లోపల పెట్టి తలుపు మూసుకున్నట్టే. అయితే ఇక్కడ గేటు పాసు నియమమే కాపాడుతుంది. పొరపాటు చేసిన ఆ విండో చేతిలో పాత పాసు ఇంకా ఉంది, అందులో 27 ఉంది. ఆ విండో మూయకుండా, అందులోంచే సుడో వాడి మళ్లీ గ్రూపులో చేరవచ్చు. కంగారులో ‘ఒకసారి లాగౌట్ అయి చూద్దాం’ అనుకుంటే మాత్రం చేతిలో ఉన్న ఒక్క పాసూ పోతుంది.

అనుభవమున్న అడ్మిన్లు అధికారాలకు సంబంధించిన ఏ ఫైలు ముట్టుకున్నా ముందుగా రెండు సెషన్లు తెరిచిపెట్టుకుంటారు. ఒకదాంట్లో మార్పు చేస్తారు. రెండోది రూట్‌గా తెరిచి ఉంచి ముట్టుకోరు. మార్పు పనిచేస్తోందో లేదో మూడో సెషన్ కొత్తగా తెరిచి చూస్తారు. పాత సెషన్‌లో చేసిన పరీక్ష పరీక్షే కాదు, అది పాత పాసును పరీక్షించడం అవుతుంది. సుడోయర్స్‌ను మామూలు ఎడిటర్‌తో తెరవకుండా విసుడో అనే కమాండ్‌తోనే తెరవాలి. సేవ్ చేసేముందు అది వ్యాకరణం సరిచూస్తుంది, తప్పుంటే ఆపుతుంది. ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తే ఉన్న సెషన్లు తెగిపోతాయన్న భయం మాత్రం సాధారణంగా అక్కర్లేదు. ఒక్కో సెషన్‌ను నడిపే ప్రాసెస్ వేరుగా ఉంటుంది.

స్క్రిప్టుల నుంచి దూరపు సర్వర్ మీద సుడో నడిపితే మరో రకం తేడా వస్తుంది. అక్కడ టెర్మినలే ఉండదు కాబట్టి పాస్‌వర్డ్ అడిగే చోటు లేక సుడో వెనుదిరుగుతుంది. పాత రెడ్ హ్యాట్, సెంట్ఓఎస్‌లలో టెర్మినల్ తప్పనిసరి అన్న నియమం ముందే రాసి ఉండేది. కొన్ని కంటెయినర్లలో, కొన్ని డిస్క్ విభాగాల్లో రిచీ గుర్తును కెర్నెల్ పట్టించుకోకుండా కట్టడి చేస్తారు. అక్కడ సుడో ఎంత సరిగా అమర్చినా రూట్ కాలేదు.

విండోస్ సర్వర్‌లో పేర్లు వేరు, నడక ఇదే. అక్కడ పాసును యాక్సెస్ టోకెన్ అంటారు. లాగిన్ అయినప్పుడు తయారవుతుంది, గ్రూపులు అందులో ముద్రించి ఉంటాయి, తర్వాత చేర్చిన గ్రూపు అందులోకి రాదు. రిమోట్ డెస్క్‌టాప్ వాడేవాళ్లు పని ముగిశాక మూలనున్న ఇంటూ గుర్తు నొక్కి వెళ్లిపోతారు. అది సెషన్‌ను ముగించదు, వదిలిపెడుతుందంతే. మర్నాడు కనెక్ట్ అయితే నిన్నటి సెషన్, నిన్నటి టోకెన్ ఎదురొస్తాయి. సైన్ అవుట్ నొక్కితేనే కొత్త టోకెన్ పుడుతుంది. విడిగా లైసెన్సులు పెట్టని సర్వర్‌లో అడ్మిన్ పనులకు ఒకేసారి 2 రిమోట్ సెషన్లకే అనుమతి ఉంటుంది కాబట్టి, ఇలా వదిలేసినవి పక్కవాళ్లకు చోటు లేకుండా కూడా చేస్తాయి. ఎవరెవరు ఉన్నారో ‘క్వెరీ సెషన్’ కమాండ్ చూపిస్తుంది.

విండోస్ విస్టా నుంచి అడ్మిన్‌కు ఒకే లాగిన్‌లో రెండు టోకెన్లు ఇస్తున్నారు, ఒకటి పూర్తి అధికారంతో, ఒకటి కత్తిరించి. మామూలుగా తెరిచిన ప్రోగ్రాముల చేతిలో ఉండేది కత్తిరించినదే. ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ అంటేనే పూర్తిది బయటికొస్తుంది. ‘హూయామ్ఐ’ కమాండ్‌తో గ్రూపుల జాబితా అడిగితే, కత్తిరించిన టోకెన్‌లో అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపు పక్కన ‘నిరాకరణకు మాత్రమే’ అనే అర్థంలో ఒక మాట కనిపిస్తుంది. మామూలు విండోలో కనిపించే నెట్‌వర్కు డ్రైవు అడ్మిన్ విండోలో మాయం కావడానికీ ఈ రెండు టోకెన్లే కారణం. విండోస్ లెక్కలో అవి రెండు వేరు వేరు లాగిన్‌లు. ఆ యంత్రానికే పరిమితమైన లోకల్ అడ్మిన్ ఖాతాతో నెట్‌వర్కు మీదుగా ఫైళ్ల షేర్ తెరవబోతే దక్కేది కత్తిరించిన టోకెన్. అదే అధికారమున్న డొమైన్ ఖాతాకు పూర్తిది దక్కుతుంది. ఆ కట్టడిని రిజిస్ట్రీలో తీసేసే ఉపాయం ఉంది గానీ, ఒక్క పాస్‌వర్డ్ దొరికితే అదే పాస్‌వర్డ్ పెట్టిన యంత్రాలన్నింటి మీదికీ పాకేవాళ్లకు అది తలుపు తీసిపెట్టడమే అవుతుంది.

ఇంతవరకూ చూసింది అధికారం రాకపోవడం. అది అసౌకర్యమే, ప్రమాదం కాదు. ఇచ్చిన అధికారం తీసేశాక కూడా పోకపోవడం అసలు ప్రమాదం. ఉద్యోగం మానేసినవాళ్ల పేరును సుడో గ్రూపులోంచి తీసేసి పని అయిపోయిందనుకునే ఆఫీసులు చాలా ఉన్నాయి. వాళ్ల పాత సెషన్ ఎక్కడైనా తెరిచి ఉంటే అందులో 27 అలాగే ఉంటుంది, సుడో ఒప్పుకుంటూనే ఉంటుంది. పాస్‌వర్డ్‌కు తాళం వేసినా తెరిచిన సెషన్ మూతపడదు. పైగా ఎస్ఎస్‌హెచ్ కీ ఉన్నవాళ్లకు పాస్‌వర్డ్ అవసరమే ఉండకపోవచ్చు. గ్రూపు తీసేయడం, ఖాతా గడువు ముగించడం, కీల ఫైలు తొలగించడం, తెరిచిన సెషన్లన్నీ మూయడం, ఆ ఖాతా పేరున వేళకు నడిచే పనులు రద్దు చేయడం, ఇవన్నీ అదే పూట జరగాలి.

సెషన్లు మూసేటప్పుడు ఒక ప్రాసెస్ మాత్రం కంటికి అందకుండా జారిపోతుంది. ఆ వ్యక్తి ఎప్పుడో సుడోతో రూట్ షెల్ తెరిచి, అందులోంచే టీమక్స్ నడిపి వదిలి వెళ్లారనుకుందాం. ఆ ఖాతా పేరుతో ప్రాసెస్‌లన్నీ వెతికి చంపే కమాండ్‌కు అది దొరకదు, దాని మీదున్నది 0 నంబరు. దాన్ని పట్టించేది లాగిన్ యూఐడీ అనే మరో నంబరు. లాగిన్ అయినప్పుడు కెర్నెల్ దీన్ని ప్రాసెస్ మీద ముద్రిస్తుంది. ఆ తర్వాత ఎస్‌యూ కొట్టినా, సుడో కొట్టినా, రూట్‌గా మారినా అది మారదు. ప్రాక్‌లో ఆ ప్రాసెస్ ఫోల్డర్ తెరిస్తే అదే పేరుతో ఒక చిన్న ఫైలు ఉంటుంది. పైకి రూట్ అని కనిపించే షెల్‌లో ఆ ఫైలు 1004 అని చూపిస్తే, లోపలికి వచ్చింది 1004 నంబరు ఖాతాతోనే అని అర్థం. ఉబుంటులో ఆథ్ లాగ్, రెడ్ హ్యాట్‌లో సెక్యూర్ అనే లాగ్ తెరిస్తే ఆ షెల్ ఏ రోజు, ఏ గంటకు, ఏ టెర్మినల్ నుంచి తెరిచారో కూడా దొరుకుతుంది.